ట్యూబు మీద రాసిన పీహెచ్ వేరు, బ్యాక్టీరియా పెరిగిన పీహెచ్ వేరు

మీ ప్రశ్నను ముందు కుదించి చెబుతాను, ఇది చదివే మిగతా విద్యార్థులకూ విషయం తెలియాలి కదా. మీది నెల్లూరు, చెన్నైలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం. ఆమ్ల, క్షార గుణాలు బ్యాక్టీరియా పెరుగుదలను ఎలా మారుస్తాయన్నది ప్రాజెక్టు. న్యూట్రియంట్ బ్రాత్‌ను (బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవం) 4 నుంచి 10 దాకా ఏడు పీహెచ్‌లకు సరిచేసి, ఈ.కోలి వేసి, 37 డిగ్రీల దగ్గర ఉంచి 24 గంటలకు చూశారు. 6, 7, 8 ట్యూబులు ఒకేలా మసకబారాయి. 5, 9 కూడా పెద్ద తేడా లేకుండా మసకబారాయి. 10 ట్యూబు బ్యాక్టీరియా వేయకముందే తెల్లబడింది. పీహెచ్ 4కు తెచ్చిన అగర్ (పోషక ద్రవాన్ని గడ్డకట్టించే పదార్థం) గడ్డకట్టలేదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 5కు తెచ్చిన ట్యూబులో పెరుగుదల ఉంది, వెనిగర్‌తో అదే 5కు తెచ్చిన ట్యూబులో లేదు. పెరుగు నుంచి తీసిన లాక్టోబాసిల్లస్‌తో పోల్చి చూపమని మేడం అడిగారు. పుస్తకంలో ఉన్న గంట ఆకారపు గ్రాఫు రాలేదు కాబట్టి ప్రయోగం పాడైందా అన్నది మీ అనుమానం.

పాడవలేదు. మీ ట్యూబులు నిజమే చెప్పాయి. కాకపోతే మీరు అడిగిన ప్రశ్నకు కాదు, వేరే ప్రశ్నకు జవాబు చెప్పాయి. బఫర్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం) లేని బ్రాత్‌లో మీరు సరిచేసిన పీహెచ్ మొదటి కొన్ని గంటలే ఉంటుంది. తర్వాత దాన్ని బ్యాక్టీరియానే మార్చేస్తుంది. 24 గంటలకు మీరు చూసినది "ఈ పీహెచ్‌లో ఎంత పెరిగింది" అన్నది కాదు, "ఈ పీహెచ్ నుంచి మొదలుపెట్టి తనకు అనువైన చోటికి చేరుకోగలిగిందా" అన్నది. ఆ ట్యూబులు ఇంకా పారేయకపోతే ఇప్పుడే ఒక్కొక్కదాని పీహెచ్ కొలవండి. 5 దగ్గర మొదలైనది 7 వైపు జరిగి ఉంటుంది, 9 దగ్గర మొదలైనది కాస్త కిందికి దిగి ఉంటుంది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మీ ప్రాజెక్టు రిపోర్టులో సగం చర్చ దానంతట అదే వస్తుంది. న్యూట్రియంట్ బ్రాత్‌లో చక్కెర లేదు, ఉన్న ఆహారం ముఖ్యంగా పెప్టోన్, అంటే అమైనో ఆమ్లాలు, పెప్టైడ్లు. బయట ఆమ్లం ఎక్కువగా ఉంటే ఈ.కోలి డీకార్బాక్సిలేజ్ ఎంజైములను తయారుచేసుకుంటుంది. అవి లైసిన్, ఆర్జినిన్, గ్లుటమేట్ లాంటి వాటి నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను విడదీస్తాయి. ఆ చర్యలో ఒక ప్రోటాన్ ఖర్చవుతుంది, మిగిలే ఎమీన్ క్షార గుణం ఉన్నది. ఫలితంగా పీహెచ్ పైకి పోతుంది. బయట క్షారం ఎక్కువైతే దీనికి ఎదురు దిశలో, ఆమ్లాలు మిగిల్చే డీఎమినేజ్ రకం ఎంజైములు పెరుగుతాయి. గేల్, ఎప్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1942లోనే ఈ రెండు వైపుల సర్దుబాటును వివరంగా చూపించారు. ఇక బ్రాత్‌లో గ్లూకోజ్ ఉంటే కథ మారిపోతుంది. అప్పుడు ఎసిటిక్, లాక్టిక్, ఫార్మిక్ ఆమ్లాలు వచ్చి, 7 దగ్గర మొదలుపెట్టిన ట్యూబు కూడా 5 కిందికి దిగవచ్చు. కాబట్టి రిపోర్టులో మీడియం (బ్యాక్టీరియాను పెంచిన పోషకం) పేరు రాసి ఊరుకోకండి, అందులో చక్కెర ఉందా లేదా కూడా రాయండి.

ఇప్పుడు కణం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పీహెచ్ స్కేలును 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ ప్రవేశపెట్టాడు. ఒక్కో అంకెకు హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు మారుతుందని మీకు తెలుసు. దాని తీవ్రత మాత్రం కణం వైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది. ఈ.కోలి బయట 5.5 ఉన్నా 8.5 ఉన్నా తన లోపలి పీహెచ్‌ను 7.6కు కొంచెం అటూ ఇటూగా పట్టి ఉంచుకుంటుంది. బయట 5.5 అయితే లోపలి కన్నా వందకు పైగా రెట్లు ఎక్కువ ప్రోటాన్లు పొర అవతల కాచుకుని ఉన్నట్టు. అవి కారుతూనే ఉంటాయి. వానాకాలంలో నీళ్లు ఊరే సెల్లార్‌లో మోటారు ఆగకుండా నడిచినట్టు, కణం వాటిని బయటికి తోడుతూనే ఉండాలి. ఆ తోడకానికి శక్తి కావాలి. ఆ శక్తి కొత్త కణాలు తయారుచేసే పని నుంచి తగ్గుతుంది. అందుకే అంచు పీహెచ్‌లలో ముందు లాగ్ దశ (పెరుగుదల మొదలయ్యే ముందు ఆలస్యం) సాగుతుంది, తర్వాత వేగం తగ్గుతుంది, చివరగా మొత్తం దిగుబడి తగ్గుతుంది. ఈ మూడూ వేర్వేరు విషయాలు. 24 గంటల దగ్గర ఒక్కసారి చూస్తే మొదటి రెండూ కనిపించవు.

క్షారం వైపు ఇబ్బంది మరో రకం. కణం శ్వాసక్రియలో ప్రోటాన్లను బయటికి నెట్టి, అవి తిరిగి లోపలికి వచ్చే దారిలో ఏటీపీ (కణం శక్తి కోసం వాడుకునే అణువు) తయారుచేసుకుంటుంది. బయట పీహెచ్ 9 ఉంటే అక్కడ ప్రోటాన్లకే కరువు. పైగా లోపలి పీహెచ్ బయటికన్నా తక్కువ ఉండాలి, అంటే బయటికి నెట్టినవాటినే మళ్లీ లోపలికి లాక్కోవాలి. ఈ పనికి ఈ.కోలికి ఎన్‌హెచ్‌ఏఏ అనే వాహక ప్రోటీన్ ఉంది. అది ఒక సోడియం అయాన్‌ను బయటికి పంపి రెండు ప్రోటాన్లను లోపలికి తెస్తుంది. ఇందులో మీ ప్రయోగానికి పనికొచ్చే విషయం ఒకటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ సోడియం విషమవుతుంది. మీరు సోడియం హైడ్రాక్సైడ్‌తో 9కి తెచ్చి, అప్పటికే ఉప్పు ఉన్న బ్రాత్‌లో ఈ.కోలి పెరగలేదంటే, కారణం పీహెచ్ ఎంత, సోడియం ఎంత అని ఎవరూ చెప్పలేరు. క్షారం వైపు ట్యూబులకు పొటాషియం హైడ్రాక్సైడ్ వాడండి.

ఈ.కోలి పెరగగల హద్దులు మంచి మీడియంలో సుమారు 4.4 నుంచి 9 దాకా. బాగా పెరిగేది 6 నుంచి 8 మధ్య, అక్కడ వేగం పెద్దగా మారదు. కాబట్టి సరిగ్గా చేసినా మీకు నున్నటి గంట ఆకారం రాదు. పైన చదునుగా ఉండి రెండు అంచుల్లో నిటారుగా పడిపోయే గ్రాఫు వస్తుంది. అలా వస్తే కంగారుపడి అంకెలు సవరించకండి. అదే సరైన ఫలితం.

వెనిగర్ ట్యూబు సంగతి మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన పరిశీలన. దాన్ని తప్పు అనుకుని పక్కన పెట్టడం నాకు బాధ కలిగించింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీటిలో పూర్తిగా విడిపోతుంది, దాని ప్రోటాన్లు పొరను అంత సులువుగా దాటలేవు. ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది, దాని పీకేఏ 4.76. అంటే పీహెచ్ 4.76 దగ్గర సగం అణువులు విడిపోకుండా ఉంటాయి. విడిపోని అణువుకు విద్యుదావేశం ఉండదు కాబట్టి కొవ్వు పొరను దాటి నేరుగా లోపలికి వెళుతుంది. లోపల పీహెచ్ 7.6, అక్కడికి చేరగానే విడిపోయి ప్రోటాన్‌ను వదులుతుంది. మిగిలిన ఎసిటేట్ ఆవేశం వల్ల బయటికి రాలేక లోపలే పోగవుతుంది. పీహెచ్ 5 దగ్గర మొత్తం ఎసిటిక్ ఆమ్లంలో దాదాపు 36 శాతం విడిపోకుండా ఉంటుంది. 6 దగ్గర అది సుమారు 5 శాతం. 7 దగ్గర ఒక శాతం కూడా ఉండదు. అదే లాక్టిక్ ఆమ్లం పీకేఏ 3.86 కాబట్టి పీహెచ్ 5 దగ్గర 7 శాతమే విడిపోకుండా ఉంటుంది. పీహెచ్ ఒకటే అయినా, మొత్తం గాఢత సమానమైనా, ఎసిటిక్ గట్టిగా అణచడానికి, లాక్టిక్ అంతకన్నా తక్కువగా అణచడానికి, హైడ్రోక్లోరిక్ అన్నిటికన్నా తక్కువగా అణచడానికి కారణం ఇదే. సోడియం బెంజోయేట్ పుల్లటి పానీయాల్లో పనిచేసి పాలలో పనిచేయకపోవడమూ ఇందుకే, బెంజోయిక్ ఆమ్లం పీకేఏ 4.2.

కాబట్టి ఎవరైనా "పీహెచ్ 5లో ఈ.కోలి పెరుగుతుందా" అని అడిగితే, ఏ ఆమ్లంతో 5కు తెచ్చారు, ఎంత వేశారు అని ఎదురు అడగాలి. మీ ప్రాజెక్టుకు నేను సూచించే మార్పు కూడా ఇదే. ఏడు పీహెచ్‌లను పైపైన చూడటం కన్నా, పీహెచ్ 5ను మూడు ఆమ్లాలతో తెచ్చి వేగాలు పోల్చండి. దానికి తోడు పీహెచ్ 7 దగ్గర అంతే గాఢత సోడియం ఎసిటేట్, సోడియం లాక్టేట్ వేసిన ట్యూబులు పెట్టండి. 7 దగ్గర ఎసిటేట్ ట్యూబు మామూలుగా పెరిగి 5 దగ్గర ఆగిపోతే, తప్పు ఎసిటేట్ ఉప్పుది కాదు, విడిపోని ఆమ్లానిది అని రుజువైనట్టే. గాఢత 50 మిల్లీమోలార్ చొప్పున పెట్టుకోండి. వంటింటి వెనిగర్ వాడకండి. సీసాల మధ్య గాఢత మారుతుంది, కొన్నిటిలో రంగు, రుచి పదార్థాలుంటాయి. చెన్నై ప్యారీస్ కార్నర్ వీధుల్లోని కెమికల్ కొట్లలో గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం అడగండి. లీటరుకు 2.9 మిల్లీలీటర్లు వేస్తే సుమారు 50 మిల్లీమోలార్. వేసేటప్పుడు ఫ్యూమ్ హుడ్, చేతి తొడుగులు తప్పవు.

ఇక బఫర్లు. పీకేఏకు అటు ఒకటి, ఇటు ఒకటి అంకె పరిధిలోనే ఏ బఫర్ అయినా పనిచేస్తుంది. 4.5 నుంచి 6 దాకా సిట్రేట్-ఫాస్ఫేట్, 6 నుంచి 8 దాకా ఫాస్ఫేట్, 8 నుంచి 8.5 దాకా ట్రిస్, 9, 9.5లకు సీహెచ్ఈఎస్ వాడండి. చివరిది ఖరీదే, కానీ 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీమోలార్ కావాలంటే ఒక గ్రాము సరిపోతుంది. పీహెచ్ 5 ప్రాంతంలో ఎసిటేట్ బఫర్ మాత్రం వాడవద్దు, కారణం పైన చెప్పినదే. సిట్రేట్‌కూ ఒక లోపం ఉంది. అది మెగ్నీషియం, కాల్షియంలను పట్టేసుకుంటుంది. అందుకని పీహెచ్ 6ను సిట్రేట్-ఫాస్ఫేట్‌తో ఒకటి, ఉత్త ఫాస్ఫేట్‌తో ఒకటి చేయండి. పీహెచ్ 8ను ఫాస్ఫేట్‌తో ఒకటి, ట్రిస్‌తో ఒకటి చేయండి. ఒకే పీహెచ్ దగ్గర రెండు బఫర్లలో వేగం సరిపోలితే మీ గ్రాఫును నమ్మవచ్చు. సరిపోలకపోతే మీరు కొలిచినది బఫర్ ప్రభావం.

సిట్రేట్-ఫాస్ఫేట్ కలపడానికి రెండు ద్రావణాలు చాలు. సిట్రిక్ ఆమ్లం 0.1 మోలార్, అంటే మోనోహైడ్రేట్ అయితే లీటరుకు 21 గ్రాములు, నీరు లేని రకం అయితే 19.2 గ్రాములు. డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.2 మోలార్, నీరు లేనిది 28.4 గ్రాములు, డైహైడ్రేట్ 35.6 గ్రాములు. సీసా మీద ఏ రకమో చూడకుండా తూచడం విద్యార్థులు చేసే మామూలు పొరపాటు. 100 మిల్లీలీటర్ల బఫర్‌కు పీహెచ్ 5 కావాలంటే ఫాస్ఫేట్ 51.5, సిట్రిక్ 48.5 మిల్లీలీటర్లు. పీహెచ్ 6కు 63.2, 36.8. న్యూట్రియంట్ బ్రాత్‌ను రెట్టింపు బలంతో, అంటే లీటరుకు 13 గ్రాముల బదులు 26 గ్రాములతో చేసి, బఫర్‌ను సమానంగా కలపండి. బ్రాత్‌కూ సొంతంగా కొంత బఫర్ గుణం ఉంటుంది కాబట్టి కలిపాక మీటరుతో చూసి సరిచేయాలి. పట్టిక చెప్పిన అంకె అలాగే వస్తుందని అనుకోవద్దు.

ట్రిస్‌తో మరో చిక్కు. దాని పీహెచ్ ప్రతి డిగ్రీ వేడికి సుమారు 0.028 తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.5 అని సరిచేసిన ట్యూబు ఇంక్యుబేటర్‌లో 37 దగ్గర 8.2కు చేరుతుంది. కాబట్టి ట్యూబును 37 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉంచి సరిచేయండి, లేదా 25 దగ్గర 8.8కు పెట్టుకోండి. ఏసీ లేని ల్యాబులో మే నెలలో గది వేడే 34, 35 ఉంటుంది. అప్పుడు "గది వేడి దగ్గర కొలిచాను" అంటే అర్థం లేదు, డిగ్రీలు రాయాలి. మీటరులో ఉష్ణోగ్రత బటన్ ఎలక్ట్రోడు స్పందనను మాత్రమే సరిచేస్తుంది, ద్రావణం పీహెచ్ మారడాన్ని సరిచేయదు. ఈ తేడా చాలామందికి తెలియదు.

మీటరు గురించి ఇంకొంచెం. 4, 7, 9.2 బఫర్ క్యాప్సూళ్లు ఏ ల్యాబు సామాన్ల కొట్లోనైనా దొరుకుతాయి. ముందు 7తో, తర్వాత మీరు కొలవబోయే వైపు ఉన్న రెండోదానితో కాలిబ్రేట్ చేయండి. స్లోప్ (ఎలక్ట్రోడు స్పందన ఎంతో మీటరు చూపే అంకె) 95 శాతం కన్నా తగ్గితే ఎలక్ట్రోడు శుభ్రం చేయాలి. పెప్టోన్ మీడియంలో ముంచి ముంచి గాజు బల్బు మీద ప్రోటీన్ పొర పట్టి ఉంటుంది, పెప్సిన్-హైడ్రోక్లోరిక్ ద్రావణంలో కొంతసేపు ఉంచితే పోతుంది. ఎలక్ట్రోడును డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ ఉంచడం ఎన్నో కాలేజీల్లో కనిపించే అలవాటు. అది ఎలక్ట్రోడును పాడుచేస్తుంది, 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలి. 9.2 బఫర్‌ను వాడాక సీసాలోకి తిరిగి పోయవద్దు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని దిగిపోతుంది. క్షారం గుళికలు కూడా అంతే. చెన్నై సముద్రపు తేమలో సోడియం, పొటాషియం హైడ్రాక్సైడ్ గుళికలు తూకం వేసేలోపే చెమ్మగిల్లుతాయి, అందువల్ల తూచిన బరువును బట్టి గాఢత లెక్కకట్టవద్దు. సుమారుగా ద్రావణం చేసుకుని మీటరు చూస్తూ చుక్కచుక్కగా కలపడమే మంచిది. పీహెచ్ పేపరు ఈ పనికి చాలదు.

ప్రతి పీహెచ్‌కూ 10 మిల్లీలీటర్లు అదనంగా చేసి, దాన్నీ ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే పాత్ర) పెట్టి, చల్లారాక దాన్ని కొలవండి. ఆటోక్లేవ్ తర్వాత పీహెచ్ కదులుతుంది, ముఖ్యంగా క్షారం వైపు. స్టెరైల్ ట్యూబులో ఎలక్ట్రోడు ముంచకూడదు కాబట్టి ఈ అదనపు ట్యూబు తప్పనిసరి.

10 ట్యూబు తెల్లబడటానికి బ్యాక్టీరియాతో సంబంధం లేదు. క్షారంలో, అదీ వేడి చేసినప్పుడు, కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లు, కార్బొనేట్లు అవక్షేపంగా దిగుతాయి. బోరు నీరు లేదా అరకొరగా వడగట్టిన నీరు వాడితే మరీ ఎక్కువ. డిస్టిల్డ్ వాటర్ వాడండి. క్షారపు బఫర్‌ను విడిగా స్టెరిలైజ్ చేసి, రెండూ చల్లారాక కలపండి. అయినా కొంచెం మసక ఉంటే, అదే పీహెచ్‌తో బ్యాక్టీరియా వేయని ట్యూబును బ్లాంక్‌గా (కొలతలో సున్నాగా తీసుకునే ట్యూబు) పెట్టండి. అన్ని ట్యూబులకూ పీహెచ్ 7 బ్లాంక్‌నే వాడితే అవక్షేపం పెరుగుదలగా నమోదవుతుంది. ఆ బ్యాక్టీరియా లేని ట్యూబు పీహెచ్‌ను 24 గంటల తర్వాత కూడా కొలవండి. దూది బిరడా ఉన్న 10 ట్యూబు గాలి పీల్చుకునే కొంత దిగిపోతుంది. స్క్రూ మూతలు బిగించి పెడితే ఇది తగ్గుతుంది, కాకపోతే ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. అందుకని ట్యూబు నిండా కాకుండా మూడో వంతే నింపండి.

అగర్ గడ్డకట్టకపోవడానికి కారణం సూటిగా ఉంది. అగర్ ఒక పాలిశాకరైడ్, పీహెచ్ 5 కన్నా తక్కువలో 121 డిగ్రీల వేడి తగిలితే దాని గొలుసులు తెగిపోతాయి. ఆమ్లం, వేడి, అగర్ మూడూ ఒకేసారి కలవకూడదు. నీటిలో 3 శాతం అగర్‌ను విడిగా, రెట్టింపు బలం బ్రాత్‌ను కావలసిన పీహెచ్‌తో విడిగా ఆటోక్లేవ్ చేయండి. అగర్‌ను 55 డిగ్రీలకు చల్లార్చి, బ్రాత్‌ను అదే వేడికి తెచ్చి, కలిపి వెంటనే ప్లేట్లలో పోయండి. ఒకసారి ఆమ్లం కలిసిన అగర్‌ను మళ్లీ కరిగించవద్దు.

ఇక కొలత. ఈ.కోలిని రాత్రంతా పెంచి నేరుగా వేయవద్దు. స్థిర దశకు చేరిన (పెరుగుదల ఆగిన) కణాలు ఆమ్లాన్ని తట్టుకునే జన్యువులను అప్పటికే మేల్కొలుపుకుని ఉంటాయి, చురుగ్గా విభజన చెందుతున్న కణాలు అంత తట్టుకోవు. రాత్రి కల్చర్‌ను 1:100 చొప్పున కొత్త బ్రాత్‌లో వేసి రెండు, మూడు గంటలు పెంచండి. ఓడీ (ద్రవం ఎంత మసకగా ఉందో చూపే అంకె) 0.4 దగ్గర 10 మిల్లీలీటర్లు తీసి, 5,000 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన కణాలను 2 మిల్లీలీటర్ల 0.85 శాతం సెలైన్‌లో కలపండి. అందులోంచి 0.1 మిల్లీలీటరు 10 మిల్లీలీటర్ల బ్రాత్‌కు వేస్తే మొదటి ఓడీ సుమారు 0.02. ఒక్కో పీహెచ్‌కు మూడు ట్యూబులు, ఒక బ్లాంక్. 600 నానోమీటర్ల దగ్గర అరగంటకోసారి ఎనిమిది గంటలు చదవండి. 4.5, 5, 9 ట్యూబులను 24 గంటల దాకా కొనసాగించండి. కలరీమీటరే ఉంటే 600 లేదా 620 ఫిల్టరు చాలు. ఓడీ 0.5 దాటితే పలుచన చేసి చదవాలి, లేకపోతే వేగం తక్కువగా కనిపిస్తుంది. కరెంటు పోయి ఇంక్యుబేటర్ చల్లబడితే ఆ సమయాన్ని నోటుబుక్కులో రాయండి, ఆ మధ్య రీడింగులను లెక్కలో కలపవద్దు.

వేగం లెక్క సులువు. లాగరిథమిక్ దశలో రెండు ఓడీల నిష్పత్తికి సహజ లాగరిథం తీసి, మధ్య గడిచిన గంటలతో భాగించండి. ఓడీ 90వ నిమిషంలో 0.07, 150వ నిమిషంలో 0.28 ఉంటే గంటలో రెండుసార్లు రెట్టింపయింది, రెట్టింపు కాలం 30 నిమిషాలు. ఈ వేగాన్ని ఓడీ 0.3 లోపే తీసుకోండి. కణాలు పలుచగా ఉన్నంతసేపే బఫర్ నిలుస్తుంది. గ్రాఫులో అడ్డంగా వేసే పీహెచ్ మీరు లేబుల్ మీద రాసినది కాకూడదు. ఆ దశ మొదట్లోనూ చివర్లోనూ కొలిచిన అంకెల సగటు వేయండి.

పెరుగు బ్యాక్టీరియా విషయానికొస్తే, వాటిని ఎంఆర్ఎస్ మీడియంలో పెంచుతారు, దాని పీహెచ్ 6.5. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఎంఆర్ఎస్‌లో లీటరుకు 5 గ్రాముల సోడియం ఎసిటేట్ ఉంటుంది. ఎంఆర్ఎస్‌ను 4.5కు దించి, లాక్టోబాసిల్లస్ పెరిగింది, ఈ.కోలి పెరగలేదు అని రాస్తే, సగం ఘనత ఎసిటేట్‌ది. పోలిక న్యాయంగా ఉండాలంటే రెండింటినీ ఎసిటేట్ లేని ఒకే బ్రాత్‌లో పెట్టండి. న్యూట్రియంట్ బ్రాత్‌కు 0.5 శాతం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 0.2 శాతం గ్లూకోజ్, లీటరుకు ఒక మిల్లీలీటరు ట్వీన్ 80 కలిపితే చాలా లాక్టోబాసిల్లై నెమ్మదిగానైనా పెరుగుతాయి. గ్లూకోజ్ అంతకన్నా పెంచవద్దు. ఒక శాతం గ్లూకోజ్ అంటే 55 మిల్లీమోలార్, అదంతా లాక్టిక్ ఆమ్లమైతే 110 మిల్లీమోలార్. మీ 50 మిల్లీమోలార్ బఫర్ దాని ముందు నిలవదు. ఎంఆర్ఎస్‌లో గ్లూకోజ్ 2 శాతం, అందుకే మర్నాటికి అది 4 దగ్గరికి చేరుతుంది.

లాక్టోబాసిల్లై ఆమ్లంలో నెగ్గడానికి కారణం అవి బలంగా తోడటం ఒక్కటే కాదు. ఈ.కోలి లోపలి పీహెచ్‌ను 7.6 దగ్గరే పట్టి ఉంచాలని పట్టుబడుతుంది. లాక్టోబాసిల్లై బయటి పీహెచ్ దిగేకొద్దీ లోపలిదీ దిగనిస్తాయి. లోపలికీ బయటికీ తేడా తక్కువగా ఉంటే ఎసిటేట్, లాక్టేట్ పోగుపడటం కూడా తక్కువే. కమ్మటి పెరుగు 4.5 ప్రాంతంలో ఉంటుంది. ఇంకా పులిసేకొద్దీ స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ (పెరుగులోని మరో బ్యాక్టీరియా) వెనకబడి లాక్టోబాసిల్లై మిగులుతాయి. హాస్టల్ పెరుగులో ఏ జాతి ఉందో తెలియదు కాబట్టి, గ్రామ్ రంగు, కెటలేజ్ పరీక్ష చేసి, ఒకే కాలనీ నుంచి శుద్ధి చేసిన కల్చర్ వాడండి. పీహెచ్ 4 ప్లేటు మీద మెత్తటి, తెల్లటి, పెద్ద కాలనీలు వస్తే సంబరపడకుండా మైక్రోస్కోపు కింద చూడండి, చాలాసార్లు అవి ఈస్ట్. బూజు, ఈస్ట్ 5, 6 పీహెచ్‌లను ఇష్టపడతాయి, ఆమ్లపు మీడియంలో కల్తీ ఎక్కువగా వాటి నుంచే.

పెరగలేదు అంటే చచ్చింది అని రాయవద్దు. 4 ట్యూబు తేటగా ఉన్నా, 24 గంటల తర్వాత 10 మైక్రోలీటర్ల చుక్కను పీహెచ్ 7 అగర్ మీద వేయండి. కాలనీలు వస్తాయి. గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్ వ్యవస్థ నడుస్తున్న ఈ.కోలి పీహెచ్ 2.5 దగ్గర కూడా గంటలకొద్దీ బతకగలదు. కడుపులోని ఆమ్లాన్ని దాటి పేగుల్లోకి చేరేది అందుకే. ఇది ఇంటి పచ్చళ్లకూ వర్తిస్తుంది. పీహెచ్ 4.6 అన్న హద్దు క్లాస్ట్రిడియం బోట్యులినమ్ పెరగకుండా, విషం తయారుచేయకుండా ఆపడానికి పెట్టినది. ఆ హద్దు దిగువన ఉన్న పచ్చడిలో సాల్మొనెల్లా పడితే అది వెంటనే చావదు. ఆమ్లపు ఆహారాన్ని ఫ్రిజ్‌లో పెడితే సాల్మొనెల్లా చాలా సందర్భాల్లో బయటికన్నా ఎక్కువ రోజులు బతుకుతుంది, ఎందుకంటే ఆమ్లం చంపే వేగం కూడా చలికి తగ్గుతుంది. ఆవకాయకు రక్షణ పులుపు ఒక్కటే కాదు, ఉప్పు, నీటి తక్కువదనం, శుభ్రమైన చేయి కలిసి ఇచ్చేది. ఉప్పు తగ్గించిన వెల్లుల్లి, కూరగాయల పచ్చళ్లకు మామిడికాయ పులుపు అండ ఉండదని గుర్తుంచుకోండి.

క్షారం వైపు మరో జీవిని చూపాలనుకుంటే ఎంటరోకాకస్ ఫీకాలిస్ సరిపోతుంది, పీహెచ్ 9.6 దగ్గర పెరగడం దాన్ని గుర్తించే లక్షణాల్లో ఒకటి. అసలైన క్షారప్రియ బ్యాక్టీరియా కావాలంటే ధోబీఘాట్ పక్క మట్టి తెచ్చి హొరికోషి మీడియంలో పెంచండి: లీటరుకు గ్లూకోజ్ 10 గ్రాములు, పెప్టోన్ 5, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 1, మెగ్నీషియం సల్ఫేట్ 0.2, వాషింగ్ సోడా అంటే సోడియం కార్బొనేట్ 10 గ్రాములు. సోడాను విడిగా ఆటోక్లేవ్ చేసి చల్లారాక కలపాలి, లేకపోతే గ్లూకోజ్ మాడి మీడియం కాఫీ రంగుకు తిరుగుతుంది. పీహెచ్ 10 పైన ఉంటుంది. ఇవి సోడియాన్ని వాడుకునే జీవులు కాబట్టి ఇక్కడ మాత్రం పొటాషియం కార్బొనేట్ పెట్టవద్దు.

అన్నీ అయ్యాక ట్యూబులు, ప్లేట్లు 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి పారేయండి. ఆమ్లం ఉన్న ట్యూబుల్లో బ్లీచింగ్ ద్రావణం పోసే అలవాటు ఉంటే మానుకోండి. హైపోక్లోరైట్ ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న ల్యాబులో అది ఊపిరితిత్తులకు ప్రమాదం. బల్ల తుడవడానికి బ్లీచ్ వాడేటప్పుడు కూడా ముందు ఆమ్లపు మరకలను నీటితో కడిగాకే వాడండి.